తపాలా బిళ్ళ మీది అంకె: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కిందటి నెలలో కోవూరు నుంచి ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. మూత తీస్తే లోపల నాలుగు వందల దాకా పాత తపాలా బిళ్ళలు, అన్నీ కవర్ల మీద నుంచి కత్తెరతో కత్తిరించినవే.

"మా తాతగారివి సార్. ఫోనులో ఒక వీడియో చూశాను. గాంధీగారి బిళ్ళ కోట్లు పలుకుతుందట. ఇందులో గాంధీగారివి పదకొండు ఉన్నాయి" అన్నాడు. చెల్లెలి పెళ్లి దగ్గర పడిందని కూడా చెప్పాడు.

భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూశాను. పదకొండింటిలో ఆరు 1969 శతజయంతి సంవత్సరం నాటి 20 పైసల బిళ్ళలు. మిగిలినవి ఆ తర్వాత రోజువారీ వాడకానికి కోట్ల సంఖ్యలో అచ్చయినవి. అన్నీ కలిపినా అతని బస్సు ఖర్చులు రావు. ఆ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. అంతకంటే ఎక్కువగా బాధించింది ఆ కత్తెర. ఆ కవర్లు కవర్లుగానే ఉండి ఉంటే వాళ్ళ కుటుంబం గురించి నేను ఒక పూట సేపు మాట్లాడగలిగేవాణ్ణి.

నేను 1984లో తపాలా శాఖలో గుమాస్తాగా చేరాను. నెల్లూరు, కావలి, కందుకూరు, పొదిలి, ఒంగోలు కౌంటర్లలో స్టాంపులు అమ్ముతూ, ఉత్తరాలు తూచుతూ ముప్పై ఏళ్లకు పైగా గడిపాను. రిటైరయ్యాక తపాలా రేట్ల చరిత్రే నా వ్యాపకం. పాత కవరు చూపించి ఇది ఏమిటని అడిగేవాళ్ళు వారానికి ఒకరైనా వస్తారు. వాళ్ళ నోట నేను పదేపదే వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: బిళ్ళ ఎంత పాతదైతే ధర అంత ఎక్కువ

పాతదనానికీ ధరకూ నేరుగా సంబంధం లేదు. ఎన్ని అచ్చయ్యాయి, ఎన్ని మిగిలాయి, మిగిలినవాటిని కోరేవాళ్ళు ఎందరు, మీ చేతిలో ఉన్నది ఏ స్థితిలో ఉంది అన్నవే ధరను తేలుస్తాయి. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న అర్ధణా బిళ్ళ నూట ముప్పై ఏళ్ల నాటిదే, కానీ దేశంలో ప్రతి ఉత్తరం మీదా అదే అంటించారు కాబట్టి ఇవాళ్టికీ సులువుగా దొరుకుతుంది.

గాంధీగారి బిళ్ళ విషయం ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. 1948 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదికి, ఆయన స్మారకంగా నాలుగు బిళ్ళలు వెలువడ్డాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండులో కూర్వాజియే అనే ముద్రణాలయంలో అచ్చయ్యాయి. అప్పుడు దేశంలో మామూలు ఉత్తరానికి అణాన్నర. పది రూపాయలంటే 160 అణాలు, అంటే నూట ఆరు ఉత్తరాల ఖర్చు ఒక్క బిళ్ళలో. ఏ కుటుంబం కొని దాచుకుంటుంది? అందుకే పది రూపాయల బిళ్ళ, అదీ వెనక జిగురు చెదరకుండా ఉన్నది, నిజంగానే విలువైనది. వీటిలోనే గవర్నర్ జనరల్ కార్యాలయం వాడకానికని 'సర్వీస్' అని పైముద్ర వేసినవి అతి కొద్ది ఉన్నాయి. అలాంటి పది రూపాయల బిళ్ళలు నాలుగు ఒకే వరుసగా ఉన్నవి 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయాయి. వీడియోల్లో తిరిగే కోట్ల కథకు మూలం అదే. దాన్ని పట్టుకొని గాంధీగారి బొమ్మ ఉన్న ప్రతి బిళ్ళకూ కోట్లని చెప్పడం, పెళ్లి ఖర్చులకు వెతుక్కుంటున్న ఇంటిని ఏమార్చడమే. 'మీ బిళ్ళ మేము కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ రుసుము కట్టండి' అనే ఫోను వస్తే వెంటనే పెట్టేయండి. నిజంగా కొనేవాడు మిమ్మల్ని డబ్బు అడగడు.

అపోహ: బిళ్ళ మీది అంకె అలంకారం లాంటిది, బొమ్మే ముఖ్యం

నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్ద అపోహ. బొమ్మ ఎవరిదో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ అంకె ఎందుకు పడిందో చెప్పగలిగితే బిళ్ళను చదవడం వచ్చినట్టు. ప్రతి అంకె వెనుకా ఒక రేటు ఉంటుంది: ఫలానా రోజున, ఫలానా బరువున్న, ఫలానా చోటికి వెళ్లే ఉత్తరానికి అయ్యే ఖర్చు అది.

స్వతంత్ర భారతదేశపు తొలి బిళ్ళనే తీసుకోండి. 1947 నవంబరు 21న జెండా బొమ్మతో, జైహింద్ అనే అక్షరాలతో వచ్చింది. దాని ముఖ విలువ మూడున్నర అణాలు. నెల్లూరు నుంచి మద్రాసుకు రాసే ఉత్తరానికి అణాన్నర సరిపోయే రోజుల్లో మూడున్నర దేనికి? సముద్రం దాటి విదేశాలకు వెళ్లే ఉత్తరాలకు. కొత్త దేశం తన జెండాను మొదట ప్రపంచానికి చూపించింది. మనం ఇక్కడ రాసుకునే ఉత్తరాల కోసం అశోకుడి సింహస్తంభంతో అణాన్నర బిళ్ళ డిసెంబరు 15న వచ్చింది. అదే రోజున విమానంలో విదేశాలకు వెళ్లే ఉత్తరాల కోసం విమానం బొమ్మతో పన్నెండు అణాల బిళ్ళ వచ్చింది. ఈ మూడు అంకెలూ తెలిస్తే ఆనాటి రేట్ల పట్టిక సగం తెలిసినట్టే.

మన జిల్లాల బిళ్ళలతోనే ఇంకా బాగా అర్థమవుతుంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి బిళ్ళ 1972 అక్టోబరు 16న వచ్చింది, విలువ 20 పైసలు. అదే రోజున వేమన బిళ్ళ కూడా వచ్చింది, అదీ 20 పైసలే. అప్పుడు దేశంలో ఉత్తరం ఖర్చు అంతే. పొట్టి శ్రీరాములుగారి బిళ్ళ 2000 మార్చి 16న వచ్చింది, విలువ 3 రూపాయలు. అప్పటి ఉత్తరం ఖర్చు మూడు రూపాయలు. ప్రకాశంగారి బిళ్ళనూ శ్రీరాములుగారి బిళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరు మహనీయుల బొమ్మల మధ్య ఇరవై ఎనిమిదేళ్లలో ఉత్తరం ధర పదిహేను రెట్లు అయిన సంగతి మాట లేకుండా కనిపిస్తుంది. పాఠశాలల్లో పిల్లలకు నేను మొదట చూపించేది ఈ జంటనే.

స్మారక బిళ్ళలన్నీ ఇలాగే ఉంటాయని అనుకోవద్దు. శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లినందుకు 1981 జులైలో వచ్చిన బిళ్ళ రూపాయిది. అప్పుడు మామూలు ఉత్తరానికి 35 పైసలే. అంకె మామూలు రేటుతో కలవకపోతే బరువైన కవరో, విదేశీ ఉత్తరమో, రిజిస్టరు చేసిందో అని వెతకాలి. అలా వెతకడంలోనే మాలాంటివాళ్ళ ఆనందం ఉంది.

కొన్నేళ్ల క్రితం కనిగిరి నుంచి ఒక పెద్దాయన ఒక కవరు తెచ్చారు. 1972 డిసెంబరు ముద్ర. ఒక పక్క ప్రకాశం పంతులుగారి 20 పైసల బిళ్ళ. దాని పక్కన ఎర్రటి చిన్న బిళ్ళ, కుటుంబ నియంత్రణ ప్రచారానికి వచ్చిన 5 పైసలది. దాని మీద నల్లటి అక్షరాలు అడ్డంగా అచ్చయి ఉన్నాయి. "ఇది పాడైపోయిన బిళ్ళ లాగుందండీ, దీన్ని పీకేసి పంతులుగారిది ఒక్కటే ఉంచుదామా?" అని అడిగారు. నా గుండె ఆగినంత పనైంది.

ఆ నల్లటి అక్షరాలే ఆ కవరుకు ప్రాణం. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. వాళ్ళ సహాయం కోసం ప్రభుత్వం 1971 నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద అదనంగా 5 పైసల పన్ను విధించింది. మొదట ఉన్న 5 పైసల కుటుంబ నియంత్రణ బిళ్ళల మీదనే 'శరణార్థి సహాయం' అని పైముద్ర వేశారు. తర్వాత దానికోసమే ప్రత్యేకంగా వేరే బిళ్ళ అచ్చువేశారు. 1973 మార్చి 31తో ఆ పన్ను ఆగిపోయింది. కాబట్టి కనిగిరిలో ఆ ఉత్తరం పోస్టు చేసిన మనిషి 20 పైసలు ఉత్తరానికి, 5 పైసలు ఆ శరణార్థుల సహాయం పద్దు కింద చెల్లించాడు. ఆ రెండు బిళ్ళలు కలిసి ఉంటేనే ఆ లెక్క కనిపిస్తుంది. ఒకటి పీకేస్తే ఇంకొకటి మూగదవుతుంది.

ఆ కవరు మీద మరో విశేషం కూడా ఉంది. చిరునామాలో ఇంకా 'ఒంగోలు జిల్లా' అనే రాశారు. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడినదాన్ని 1972లోనే ప్రకాశం జిల్లాగా మార్చారు. ప్రజల చేతికి కొత్త పేరు అలవాటు కావడానికి సమయం పట్టింది. మా కందుకూరు సంగతి చెప్పనే అక్కర్లేదు. పాత కవర్ల మీద నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం జిల్లా, 2022లో మళ్లీ నెల్లూరు జిల్లా. పిన్‌కోడ్ కూడా తేదీ చెబుతుంది. అది 1972 ఆగస్టు 15న మొదలైంది కాబట్టి 523తోనో 524తోనో మొదలయ్యే అంకె కవరు మీద ఉంటే అంతకుముందుది అయ్యే అవకాశం లేదు.

అపోహ: 13 నయా పైసల బిళ్ళ అచ్చుతప్పు, అందుకే అరుదైనది

అచ్చుతప్పు కాదు, అరుదైనదీ కాదు. కానీ దాని వెనుక లెక్క చాలా ఇష్టంగా చెప్పుకోదగ్గది.

1957 మార్చి 31 దాకా రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. మూడు పైలు ఒక కాణీ, రెండు అణాలు ఒక బేడ, నాలుగు అణాలు ఒక పావలా. ఏప్రిల్ 1న రూపాయికి 100 నయా పైసలు అయ్యాయి. నూటిని పదహారుతో భాగిస్తే అణాకు ఆరుంపావు. పావలాకు సరిగ్గా 25 వస్తుంది, అర్ధరూపాయికి 50 వస్తుంది, అక్కడ పేచీ లేదు. మిగిలిన చోట్లనే చిక్కు. అప్పటికి ఉత్తరానికి బేడ, అంటే రెండు అణాలు. కొత్త లెక్కలో పన్నెండున్నర. అర నయా పైసా నాణెం లేదు కాబట్టి బిళ్ళ 13 అయింది. అణాకు బదులు 6, అర్ధణాకు బదులు 3. భారతదేశ పటం బొమ్మతో వచ్చిన ఆ వరుసలో ఈ వింత అంకెలన్నీ ఉన్నాయి. ఒక్కొక్క అంకె పాత నాణెం కొత్త నాణెంలోకి మారిన చోట మిగిలిన గుర్తు.

ఆ ఏడాదిలోనే ఉత్తరం ఖర్చు 15 నయా పైసలు చేశారు. దాంతో 13కు పని తగ్గిపోయింది. 1964 జూన్ నుంచి 'నయా' అనే మాట కూడా పోయి ఉత్త పైసలు మిగిలాయి. అందువల్ల బిళ్ళ మీద 'నయా పైసలు' అని ఉంటే 1957కూ 1964కూ మధ్య అచ్చుకు సిద్ధమైనదని చెప్పవచ్చు. మా అమ్మ మాత్రం చివరిదాకా ఉత్తరం ఖర్చును బేడ, పావలా లెక్కలోనే చెప్పేది.

అపోహ: మొదటి నుంచీ దేశమంతటికీ ఒకటే రేటు

1854 అక్టోబరు 1 దాకా అలా లేదు. అంతకుముందు ఉత్తరానికి దూరాన్నీ బరువునూ కలిపి లెక్క కట్టేవారు. కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువుకు రూపాయి. నాణెంతో చెల్లించాలి, బిళ్ళ లేదు. నెల్లూరు మద్రాసు-కలకత్తా దారి మీద ఉంది కాబట్టి టపా ఇక్కడికి క్రమంగానే వచ్చేది. కానీ దూరాన ఉన్న బంధువుకు రాయడం సామాన్యుడి శక్తికి మించిన పని.

1852 జులై 1న సింధు ప్రాంతంలో కమిషనర్ బార్టిల్ ఫ్రెరె అర్ధణా బిళ్ళలు ప్రవేశపెట్టాడు. ఆసియాలోనే అవి మొదటివి. అవి ఆ ప్రాంతానికే పరిమితం. దేశమంతటికీ చెల్లే బిళ్ళలు 1854లో వచ్చాయి: అర్ధణా, అణా, రెండు అణాలు, నాలుగు అణాలు. వాటితో పాటు వచ్చిన నియమమే నాకు బిళ్ళల కంటే గొప్పగా తోస్తుంది. పావు తులం దాకా ఉన్న ఉత్తరానికి, దూరంతో నిమిత్తం లేకుండా, అర్ధణా. ఒంగోలు నుంచి పక్క ఊరికీ అంతే, లాహోరుకూ అంతే. దూరం లెక్కలోంచి తప్పుకొని బరువు ఒక్కటే మిగిలింది. కౌంటర్లో త్రాసు నా ముందు ఉన్న ప్రతి రోజూ నేను ఆ నియమం కిందనే పనిచేశాను.

అపోహ: అర్ధణాకే ఉత్తరం పోయేదంటే ఆ రోజుల్లో ఎంత చవకో

అర్ధణా అనే మాట పట్టుకుంటే చాలదు, ఎంత బరువుకు అర్ధణా అని అడగాలి. ఇవాళ బంగారు కొట్టులో తులం అంటే పది గ్రాములు. తపాలా తులం వెండి రూపాయి నాణెం బరువు, 11.66 గ్రాములు. పావు తులం అంటే మూడు గ్రాములకు కొంచెం తక్కువ, సరిగ్గా ఆనాటి వెండి పావలా బరువు. మన ఇంట్లో ప్రింటరులో వాడే ఎ4 కాగితం ఒక్కటి 5 గ్రాములు తూగుతుంది. అంటే ఇవాళ్టి కాగితం మీద ఒక్క పేజీ రాసి 1854లో పోస్టు చేస్తే, కవరు లేకుండానే, పావు తులం దాటిపోయి అణా అయ్యేది. అందుకే ఆ కాలపు ఉత్తరాలు ఉల్లిపొర లాంటి పలచటి కాగితం మీద, అంచుల దాకా, ఖాళీ వదలకుండా రాసి ఉంటాయి. అక్షరాల పొదుపు కాదది, బరువు పొదుపు.

ఆ తర్వాత అర్ధణా అలాగే ఉంచి బరువు పెంచారు. 1869లో అర తులం, 1907 నాటికి తులం. అంకె మారకుండానే ఉత్తరం నాలుగు రెట్లు చవకైంది. బిళ్ళ ఒక్కటే చూసేవాళ్ళకు ఇది ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే బరువు బిళ్ళ మీద అచ్చు కాదు.

నిజంగా చవకను తెచ్చింది కార్డు. 1879 జులై 1న పోస్టుకార్డు వచ్చింది. వెల కాణీ, అంటే పావు అణా. బిళ్ళ దాని మీదనే అచ్చయి ఉంటుంది, తూచే పని లేదు, కవరు కొనక్కర్లేదు. పుట్టుకలు, చావులు, పెళ్లి మాటలు, వడ్ల ధరలు అన్నీ కార్డు మీదికి ఎక్కాయి. చావు కబురు కార్డుకు మూల నలుపు పూసి రాసే అలవాటు మా ఇళ్లలో నా చిన్నతనం దాకా ఉంది. పోస్ట్‌మ్యాన్ చేతిలో ఆ నలుపు కనబడగానే వీధి అంతా గుమ్మాల్లోకి వచ్చేది.

అపోహ: తపాలా రేట్లు ఏటేటా పెరుగుతూనే ఉంటాయి

చరిత్ర అలా లేదు. దశాబ్దాల పాటు కదలకుండా ఉండి, ఉన్నట్టుండి మెట్లెక్కినట్టు పెరగడం దాని నడక. ఉత్తరానికి అర్ధణా అనే అంకె 1854 నుంచి 1922 దాకా, అరవై ఎనిమిదేళ్లు నిలిచింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఖజానా ఇబ్బందుల్లో 1922లో ఒక్కసారిగా రెట్టింపు చేశారు: ఉత్తరం అణా, కార్డు అర్ధణా. 1931లో మళ్లీ పెంచి ఉత్తరం అణా మూడు పైలు, కార్డు తొమ్మిది పైలు చేశారు. ఆ రేటుకు తగినట్టే అణా మూడు పైల బిళ్ళ కూడా కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఇదేమి వింత అంకె అంటారు, ఆ వింతకు కారణం ఇదే.

నా ఉద్యోగంలో కూడా ఇలాగే జరిగింది. నేను చేరినప్పుడు ఉత్తరం 50 పైసలు. తర్వాత 60. 1990లో రూపాయి. ఆ రూపాయి ఏడేళ్లు కదలలేదు, 'రూపాయి కవరు' అనేది ఇంటి మాట అయిపోయింది. 1997లో రెండు రూపాయలు. అక్కడి నుంచి ఐదేళ్ల కాలంలో మూడు, నాలుగు, ఐదు. రేటు మారిన ప్రతిసారీ పాత విలువల బిళ్ళలు షీట్ల కొద్దీ పెట్టెలో మిగిలేవి. తేడాకు సరిపడే చిన్న బిళ్ళలు కావాలని జిల్లా కేంద్రానికి రాస్తే అవి వచ్చేలోపు మేము ఒక్క కవరు మీద నాలుగైదు బిళ్ళలు అతికించి పంపేవాళ్ళం. ఇప్పుడు ఇలాంటి మిశ్రమ బిళ్ళల కవర్లు దొరికితే నేను భద్రంగా దాస్తాను. రేటు మారిన వారం అది.

20 గ్రాముల దాకా ఐదు రూపాయలన్న అంకె ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అలాగే ఉంది. పోస్టుకార్డు 50 పైసలు కూడా అంతే. దాన్ని అచ్చువేసి, మోసి, గుమ్మం దాకా చేర్చడానికి శాఖకు అయ్యే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చెల్లుతుంది గానీ ఎవరి జేబులోనూ ఉండదు. అందుకే కౌంటరు దగ్గర కార్డులు రెండేసి అమ్ముడయ్యేవి. ఈ నష్టాన్ని చూపించి కార్డును తీసేయాలనేవాళ్ళతో నేను ఏకీభవించను. రూపాయికి రెండు కార్డులు ఇచ్చే దేశం తన పేదవాడి మాటకు విలువ ఇస్తున్నట్టే అని నా నమ్మకం.

అపోహ: తెలుగువాళ్ళందరూ ఒకప్పుడు నిజాం బిళ్ళలు వాడారు

నెల్లూరు, ఒంగోలు, కందుకూరు బ్రిటిష్ పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి ఇక్కడ చెల్లింది బ్రిటిష్ ఇండియా బిళ్ళ. హైదరాబాదు సంస్థానం 1869 నుంచి సొంత బిళ్ళలు వేసుకుంది. అవి సంస్థానం లోపలికే. నిజాం బిళ్ళ మీది అణా, మన అణా ఒకే విలువవి కూడా కావు, ఎందుకంటే నిజాం సొంత నాణెమైన ఉస్మానియా సిక్కా రూపాయి వేరు. పాత పెట్టెలో నిజాం బిళ్ళ దొరికితే, ఆ ఇంటివాళ్ళు ఎవరో హైదరాబాదు వైపు ఉద్యోగం చేసి ఉంటారని ముందు వెతకండి.

అపోహ: రెవెన్యూ స్టాంపు, తపాలా స్టాంపు ఒకటే

ఒకప్పుడు ఒకటే. 1906 నుంచి అర్ధణా, అణా బిళ్ళల మీద 'పోస్టేజ్ అండ్ రెవెన్యూ' అని అచ్చువేసి, అదే బిళ్ళను ఉత్తరానికీ రసీదుకూ వాడనిచ్చారు. మీ తాతగారి అప్పుపత్రం మీద రాజుగారి బొమ్మ ఉన్న తపాలా బిళ్ళ కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. ఇప్పుడు అవి వేరు వేరు. ఐదు వేల రూపాయలు దాటిన రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు కావాలి, దాన్ని కవరు మీద అంటిస్తే ఉత్తరానికి లెక్కలోకి రాదు.

అపోహ: బిళ్ళ లేని ఉత్తరాన్ని చించి పారేస్తారు

లేదు. బిళ్ళ లేని ఉత్తరాన్నీ, తక్కువ బిళ్ళలు అంటించిన ఉత్తరాన్నీ మేము 'బేరింగ్' అంటాం. ఎంత తక్కువైందో దానికి రెట్టింపు, ఉత్తరం అందుకునేవారి దగ్గర వసూలు చేస్తారు. ఇది 1854 నుంచీ ఉన్న పద్ధతే. తొలి రోజుల్లో చాలామంది కావాలనే బేరింగ్ పంపేవారు. డబ్బు ముందే కట్టేస్తే మధ్యలో పోయినా ఎవరికీ పట్టదనీ, వసూలు చేయాల్సింది ఉంటే టపావాళ్ళు తప్పక తెచ్చి ఇస్తారనీ వాళ్ళ ఆలోచన. నాకు అది తెలివైన ఆలోచనగానే కనిపిస్తుంది.

పొదిలిలో పనిచేస్తున్నప్పుడు, ఉత్తరం 60 పైసలు అయిన కొత్తలో, బళ్ళారి వైపు పనికి వెళ్లిన ఒకతను తన తల్లికి రాసిన కవరు వచ్చింది. మీద 50 పైసల బిళ్ళే ఉంది. అతనికి రేటు మారిన సంగతి తెలిసి ఉండదు. పది పైసలు తక్కువ, రెట్టింపు ఇరవై. నేనే కవరు మీద ఇరవై అని వేసి పోస్ట్‌మ్యాన్‌కు ఇచ్చాను. ఇంటి దగ్గర ఆమె కనిపించలేదని అతను తిరిగి తెచ్చాడు. మధ్యాహ్నం ఆమే ఆఫీసుకు నడిచి వచ్చింది.

"అవ్వా, ఇరవై పైసలు కట్టాలి" అన్నాను.

"నా కొడుకు రాసిందేనా నాయనా?" అని అడిగింది. ఔనన్నాను. కొంగు ముడి విప్పి పావలా నాణెం నా ముందు పెట్టింది. ఐదు పైసలు తిరిగి ఇచ్చి, ఆమె అడిగితే కౌంటరు ఇవతలకు వచ్చి ఆ ఉత్తరం చదివి వినిపించాను.

ఆ కవరు నాలుగేళ్ల కిందట మళ్లీ నా చేతికి వచ్చింది. ఆమె మనవడు తెచ్చాడు, నేను అక్కడ పనిచేశానని అతనికి తెలియదు. 50 పైసల బిళ్ళ, దాని మీద బళ్ళారి వైపు ముద్ర, పక్కన నా చేతిరాతలో 20. ఆ బిళ్ళ విడిగా ఎంత పలుకుతుందని అతను అడిగాడు. విడిగా ఏమీ రాదని చెప్పాను. ఆ 10 పైసల లోటు ఎందుకు వచ్చిందో, 20 ఎవరు రాశారో, పావలా ఎవరు కట్టారో వరుసగా చెప్పాను. కవరును రెండు మెత్తని తెల్ల కాగితాల మధ్య పెట్టి, మడత పడకుండా అట్ట జోడించి, కత్తెర తగలనివ్వొద్దని చెప్పి అతని చేతికే తిరిగి ఇచ్చాను.